డొంకదారిలో సైకిలు ప్రయాణం: జీపీఎస్ పరికరమా, ఫోనా?

తారురోడ్డు మీద దారి తప్పినవానికి మైలురాయి ఉంటుంది, టీ కొట్టు ఉంటుంది, అడిగితే చెప్పే మనిషి ఉంటాడు. డొంకలోను, గుట్టల నడుమ బండిబాటలోను ఇవేవీ ఉండవు. సండూరు కొండల్లో గాని, డెంకణికోట అడవి అంచుల్లో గాని, కొరాపుట్ కనుమల్లో గాని ఒకే బాట మూడుగా చీలుతుంది. అందులో ఊరికి పోయేది ఏదో, మేకలు తొక్కిన జాడ ఏదో పొద్దు వాలిన తరువాత గుర్తించడం కష్టం. అరుదుగా కనిపించే బోర్డు కూడా కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో ఉంటుంది. ఇటువంటి చోట సైకిలు తొక్కేవారికి దారి చూపే సాధనం సరదా వస్తువు కాదు. చీకటి పడకముందే ఇల్లు చేరడం దానిపై ఆధారపడవచ్చు. కనుక చేతిలోని ఫోను చాలునా, ప్రత్యేక పరికరం కొనాలా అన్న ప్రశ్నను కొంత విపులంగా పరిశీలించడం అవసరం.

స్థానం ఎలా తెలుస్తుంది?

జీపీఎస్ అమెరికా రక్షణ శాఖ నెలకొల్పిన ఉపగ్రహ వ్యవస్థ. దాని తొలి ఉపగ్రహం 1978లో కక్ష్య చేరింది. 1995 నాటికి వ్యవస్థ సంపూర్ణమైంది. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు కాలసూచనతో కూడిన సంకేతాలు పంపుతుంటాయి. కనీసం నాలుగింటి సంకేతాలు అందితే పరికరం తన స్థానాన్ని లెక్కగట్టుకుంటుంది. పౌరులకందే సంకేతంలో అమెరికా ప్రభుత్వం బుద్ధిపూర్వకంగా చేర్చిన దోషాన్ని 2000 మే నెలలో తొలగించింది. అంతకు ముందు వంద మీటర్ల వరకు వచ్చే తేడా ఆ తరువాత బాగా తగ్గింది. నేడు ఆరుబయట సాధారణ ఫోను సైతం సుమారు 5 మీటర్ల లోపు తేడాతో స్థానం చెప్పగలదు.

రష్యా వారి గ్లోనాస్, ఐరోపా వారి గెలీలియో, చైనా వారి బైడూ కూడా ఇదే కోవకు చెందినవి. మన దేశపు నావిక్ వ్యవస్థలో తొలి ఉపగ్రహం 2013 జులై 1న శ్రీహరికోట నుండి వెళ్ళింది. ఒకటి కంటె ఎక్కువ వ్యవస్థలను అందుకొనే పరికరమైతే లోయల్లోను, దట్టమైన చెట్ల కిందను స్థానం నిలకడగా చూపుతుంది. ఎల్1, ఎల్5 అనే రెండు పౌనఃపున్యాలనూ స్వీకరించగలిగితే కొండ చరియలకు తగిలి వచ్చే ప్రతిధ్వని సంకేతాల వల్ల కలిగే దోషం తగ్గుతుంది. ఇటువంటి ఫోన్లు 2018 నుండి వస్తున్నాయి.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. జీపీఎస్‌కు సెల్ టవర్ సిగ్నల్ అవసరం లేదు. టవర్ ఉంటే తొలి స్థానం త్వరగా దొరుకుతుంది, అంతే. సిగ్నల్ లేనిచోట ఫోను దారి చూపకపోవడానికి కారణం ఉపగ్రహాలు అందకపోవడం కాదు, పటం ఫోనులో లేకపోవడం. ఖాళీ తెరపై చుక్క మాత్రం మెరుస్తూ ఉంటుంది.

పటమే ప్రాణం

అందువలన యాప్ ఎంపికలో మొదట చూడవలసినది పటాన్ని ముందుగానే ఫోనులో దించుకొనే వీలు. గూగుల్ మ్యాప్స్‌లోనూ ఈ సదుపాయం ఉంది గాని, నెట్ లేనప్పుడు అది మోటారు వాహనాల దారి మాత్రమే చెబుతుంది, సైకిలు దారి చెప్పదు. బండిబాటలకు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా పనిచేసే యాప్‌లు ఎక్కువ ఉపకరిస్తాయి. 2004లో ఇంగ్లండులో మొదలైన ఈ ప్రజాపటాన్ని ఎవరైనా సరిదిద్దవచ్చు. ఆస్మాండ్, ఆర్గానిక్ మ్యాప్స్ అనే యాప్‌లు ఈ పటాన్ని ఫోనులో నిలిపి, నెట్ లేకుండానే దారి లెక్కగడతాయి. ఆర్గానిక్ మ్యాప్స్ తేలిక, వాడుక సులభం. ఆస్మాండ్ నేర్చుకోవడానికి కొంత ఓపిక కావాలి గాని ఎత్తు రేఖలు, బాట స్వభావం, పటంపై పేర్లు ఏ భాషలో కనబడాలి వంటి అనేక వివరాలను మనకు తగినట్లు మార్చుకోవచ్చు. ఎవరైనా తెలుగు పేరు చేర్చిన ఊళ్ళకు ఆ పేరే కనిపిస్తుంది. కన్నడమో, ఒడియానో చదవలేని వారికి ఇది చిన్న ఉపకారం కాదు.

ఈ పటంలో బండిబాటలను గట్టిదనాన్ని బట్టి ఒకటి నుండి ఐదు తరగతులుగా గుర్తించే పద్ధతి ఉంది. మొదటిది గట్టి బాట, ఐదవది మెత్తని నేల. గుట్టదారుల క్లిష్టతను సున్న నుండి ఆరు వరకు సూచిస్తారు. కాని మన గ్రామీణ ప్రాంతాలలో చాలా బాటలకు ఈ వివరాలు ఇంకా చేరలేదు. నల్లరేగడిలో వేసవి నాటి గట్టిబాట వానాకాలంలో చక్రం కదలనివ్వదు. ఆ సంగతి ఏ పటమూ చెప్పదు, ఆ ఊరి రైతు చెబుతాడు. గనుల ప్రాంతంలో నిరుడున్న బాట ఈ ఏడు గొయ్యి కావచ్చు. కాబట్టి ఉపగ్రహ ఛాయాచిత్రంతో ఒకసారి పోల్చి చూచుకోవడం మంచిది.

మిత్రులు ఇచ్చే దారిని జీపీఎక్స్ ఫైలుగా తీసుకోవచ్చు. దాదాపు అన్ని పరికరాలూ, యాప్‌లూ దీనిని చదువుతాయి. అయితే ఇందులో రెండు రకాలున్నాయి. ట్రాక్ అంటే నడిచిన దారిలోని బిందువులన్నీ వరుసగా ఉన్నది. రూట్ అంటే మలుపుల వంటి కొన్ని బిందువులు మాత్రమే ఉన్నది. రెండవ దానిలో నడుమ దారిని ఒక్కొక్క పరికరం ఒక్కొక్క విధంగా లెక్కగట్టవచ్చు. డొంకదారికి ట్రాక్‌నే కోరి తీసుకోవాలి.

ఫోను గుణదోషాలు

ఫోను ఇప్పటికే చేతిలో ఉంది, పెద్ద తెర ఉంది, మాట్లాడే వీలుంది. కొత్తవారికి ఇది చాలు. కాని దాని బలహీనతలు మూడు. మొదటిది బ్యాటరీ. తెర నిరంతరం వెలుగుతూ ఉంటే కొన్ని గంటలకే అడుగంటుతుంది. తెర ఆర్పి, చీలిక వచ్చినపుడే చూచుకొని, జేబులో పవర్‌బ్యాంకు ఉంచుకొంటే రోజంతా గడుస్తుంది. రెండవది ఎండ. ఐఫోనును 35 డిగ్రీల వరకు గల వాతావరణంలో వాడవలసిందిగా దాని తయారీదారు చెబుతున్నాడు. బళ్లారి వేసవిలో హ్యాండిల్‌పై ఎండకు కాగిన ఫోను తెర మసకబారవచ్చు, తానే ఆగిపోవచ్చు. మూడవది కుదుపు. మోటారు సైకిలు ఇంజను అదురు వల్ల ఐఫోను కెమెరాలు దెబ్బతినవచ్చని ఆపిల్ సంస్థ 2021లో హెచ్చరించింది. సైకిలుకు ఇంజను లేకపోయినా రాళ్ళబాటలో కుదుపు తప్పదు. పడినపుడు హ్యాండిల్‌పై ఉన్న ఫోనే ముందు పగులుతుంది. సహాయం కోసం పిలువవలసినది కూడా ఆ ఫోనుతోనే.

ఆండ్రాయిడ్ ఫోన్లలో మరొక చిక్కు ఉంది. బ్యాటరీ ఆదా పేరిట వ్యవస్థ యాప్‌ను నడుమ నిలిపివేయవచ్చు. దానితో నడిచిన దారి సగంలోనే ఆగిపోతుంది. వచ్చిన దారినే వెనుకకు పోదామనుకొన్నవానికి ఇది పెద్ద దెబ్బ. సెట్టింగులలో ఆ యాప్‌కు బ్యాటరీ నిబంధన తొలగించి, ఊరిలోనే ఒకసారి పరీక్షించుకోవాలి.

ప్రత్యేక పరికరాలు

వీటిలో రెండు తెగలున్నాయి. హ్యాండిల్‌కు బిగించే సైకిలు కంప్యూటర్లు ఒకటి. గార్మిన్ ఎడ్జ్, వాహూ, బ్రైటన్ మొదలైనవి ఈ తెగవి. ఎండలో స్పష్టంగా కనిపించే తెర, వానకు తట్టుకొనే గుణం వీటి బలం. గార్మిన్ ఎడ్జ్ 540కి భారమైన వాడకంలో సుమారు 26 గంటలని తయారీదారు లెక్క. బొత్తాములున్న నమూనా అయితే చెమట చేతులతోను, వానలోను తడబాటు ఉండదు. తక్కువ ధర గల కొన్నింట పటం ఉండదు, ఖాళీ తెరపై గీత మాత్రమే చూపుతాయి. గీతను తప్పినపుడు పక్కనున్నది చెరువో, ఊరో తెలియదు. కొనేముందు ఈ సంగతి తప్పక అడగాలి.

రెండవ తెగ చేతిలో పట్టుకొనే పరికరాలు. గార్మిన్ ఈట్రెక్స్ 22ఎక్స్, 32ఎక్స్ నమూనాలు రెండు పెన్సిల్ సెల్లులతో 25 గంటల వరకు పనిచేస్తాయి. తెర చిన్నది, వేగం తక్కువ. కాని సెల్లులు పల్లెటూరి కిరాణా కొట్టులోనూ దొరుకుతాయి. కరెంటు దొరకని రెండు మూడు రోజుల ప్రయాణానికి ఇది గొప్ప సౌకర్యం.

ఎత్తు విషయంలో ఒక మాట. ఉపగ్రహాల ద్వారా తెలిసే ఎత్తులో తేడా అడ్డు కొలతలో కంటె ఎక్కువ. వాయుపీడనాన్ని కొలిచే సాధనం ఉన్న పరికరం ఎక్కుడును మెరుగ్గా లెక్కిస్తుంది. 1672 మీటర్ల దేవమాలి వంటి కొండల వైపు వెళ్ళేవారికి ఇది ఉపయోగం. యానాం పరిసరాల గోదావరి గట్లపై తొక్కేవారికి దానికై అదనపు ఖర్చు వృథా.

చట్టం మరువరాదు

ఉపగ్రహాల సంకేతం స్వీకరించడం మాత్రమే చేసే జీపీఎస్ పరికరం వేరు, ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం వేరు. ఇరిడియం, తురయా ఉపగ్రహాలతో పనిచేసే ఫోన్లను, గార్మిన్ ఇన్‌రీచ్ వంటి సందేశ పరికరాలను దూరసంచార శాఖ అనుమతి లేకుండా మన దేశంలో ఉంచుకోవడం నేరం. ఇటువంటి వాటితో విమానాశ్రయాలలో పట్టుబడిన విదేశీయులు 2024, 2025లలో చిక్కుల్లో పడ్డారు. అమెరికాలోని బంధువులు ప్రేమతో పంపే కానుక ఏ తరగతిదో తెలిసికొన్న తరువాతనే పుచ్చుకోవాలి.

పటంపై గీత ఉన్నంత మాత్రాన ఆ దారిలో పోవడానికి అనుమతి ఉన్నట్లు కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో ప్రవేశానికి అనుమతి కావాలి. కృష్ణగిరి జిల్లాలోని కావేరి ఉత్తర అభయారణ్యంలో ఏనుగులున్నాయి. హంపి సమీపంలోని దరోజి ఎలుగుబంట్లకు నెలవు. యాప్ చూపే దగ్గరి దారి వీటి నడుమ నుండి పోవచ్చు. అటవీ కార్యాలయంలో ముందే విచారించాలి.

ఎవరికి ఏది?

నెలకు ఒకటి రెండు సార్లు పూటలో ముగిసే ప్రయాణం చేసేవారికి ఫోను, నెట్ అవసరం లేని యాప్, గట్టి పట్టు, పవర్‌బ్యాంకు చాలు. ప్రతి వారం రోజంతా తొక్కేవారికి పటం ఉన్న సైకిలు కంప్యూటరు తగినది. అప్పుడు ఫోను బ్యాగులో భద్రంగా, నిండు బ్యాటరీతో ఆపదకు మిగులుతుంది. రోజుల తరబడి అడవి అంచుల్లో తిరిగేవారికి సెల్లుల పరికరం మేలు. ఏది కొన్నా రెండవ సాధనం ఒకటి వెంట ఉండాలి. దారి ముఖ్యాంశాలు రాసుకొన్న కాగితమైనా సరే.

చివరిగా, ఆపదలో స్థానం చెప్పే పద్ధతి. 112కు ఫోను చేసినపుడు తన కంపెనీ సిగ్నల్ లేకపోయినా అందుబాటులోని ఇతర కంపెనీ టవర్ ద్వారా పిలుపు పోగలదు. అక్షాంశం 15.14 డిగ్రీలని తెరపై ఉంటే దానిని 15 డిగ్రీల 14 నిమిషాలుగా చదవరాదు. 15.14 డిగ్రీలంటే 15 డిగ్రీల 8 నిమిషాల 24 సెకన్లు. ఈ ఒక్క పొరపాటుతో వెదికేవారు పది కిలోమీటర్లకు పైగా దూరంలో వెదుకుతారు. బడిలో నేర్చిన దశాంశ గణితం ఇక్కడ ప్రాణానికి అక్కరకు వస్తుంది. బయలుదేరే ముందు ఏ దారిన పోతున్నదీ, ఎప్పటికి తిరిగి వచ్చేదీ ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్ళాలి. బ్యాటరీ అవసరం లేని జాగ్రత్త అదొక్కటే.