రక్షకభటుల విచక్షణాధికారము

హైదరాబాదు నగరమునకు ఈశాన్యమున మౌలాలి గుట్ట యున్నది. ఇబ్రాహీం కుతుబుషా (1550-1580) కాలమున దీనిమీఁద హజ్రత్ అలీ పేరిట దర్గా వెలసెనని ప్రతీతి. గుట్ట పాదమునఁ గవయిత్రి మహలఖా బాయి చందా (1768-1824) సమాధి కలదు. రజబు మాసమున జరుగు ఉరుసునకు మహమ్మదీయులును హిందువులును గుంపులుగా వచ్చుట తరతరముల యాచారము. ఇట్టి జనసమ్మర్దమునఁ బ్రతి స్వల్పదోషమునకును దండనకుఁ బూనినచో నుత్సవము సాగదు. దేనినిఁ బట్టించుకొనకున్నచో శాంతి నిలువదు. ఎవనిని బట్టవలెను, ఎవనిని మందలించి విడువవలెను అను నిర్ణయమును న్యాయస్థానమునకంటె ముందుగా దారిలో నిలిచిన రక్షకభటుఁడే చేయుచున్నాఁడు. నేఁటి న్యాయపరిభాషలో దీనికి విచక్షణాధికారమని పేరు.

ఈ శబ్దము విచారింపఁదగినది. సంస్కృతమున విచక్షణుఁడనఁగాఁ బండితుఁడు. అమరసింహుఁడు దానిని విద్వత్పర్యాయములలోఁ బఠించెను. తెలుఁగున విచక్షణ గుణవాచకమైనది. మూలధాతువు చక్షిఙ్. స్పష్టముగాఁ బలుకుట దాని యర్థము, చూచుటయు నర్థమే. ఆర్ధధాతుకమునఁ బ్రాప్తించు ఖ్యాఞాదేశము ఇందు రాకుండుటకు వార్తికమే శరణము. చూచుట, చూచినదానిని బలుకుట, ఈ రెండును గలిసినఁగాని ధాత్వర్థము నిండదు. రక్షకుల విషయమున మొదటిది ప్రాచీనకాలమునుండియుఁ గలదు. రెండవది చాల నాలస్యముగా వచ్చినది.

శూద్రకుని మృచ్ఛకటికమున షష్ఠాంకము దీనికి మేలైన యుదాహరణము. పాలకరాజు చెఱనుండి తప్పించుకొనిన ఆర్యకుఁడు చారుదత్తుని బండిలో దాఁగి పోవుచుండఁగా వీరకుఁడు, చందనకుఁడు అను నిద్దఱు రక్షకాధికారులు దారిలో నిలిపిరి. ముందుగా నెక్కి చూచినవాఁడు చందనకుఁడు. లోపలివాఁడు శరణుచొచ్చెను. ఆర్యకుఁడు తనకుఁ బ్రాణదానము చేసిన శర్విలకుని మిత్రుఁడు, బండియో చారుదత్తునిది. విడువ నిశ్చయించి, లోన వసంతసేన యున్నదని చెప్పఁబోయి, పుంలింగమున నారంభించి స్త్రీలింగమునకు మార్చుకొనెను. వీరకుఁ డా లింగవ్యత్యయమును బట్టుకొనెను. తాము దాక్షిణాత్యులమనియు, తమ పలుకు అస్పష్టమనియుఁ జెప్పి చందనకుఁడు పలుభాషల పేళ్లు వల్లించెను. ఒక్క లింగదోషము రాజ్యభవిష్యత్తునే తలక్రిందు చేయఁబోయెనని వైయాకరణులు ముచ్చటపడవచ్చును. వీరకుఁడు స్వయముగాఁ జూడఁబోఁగాఁ జందనకుఁడు కావలెనని కలహము పెట్టి యాతనిఁ దన్ని, బండిని సాగనంపెను.

నాటకాంతమున ఆర్యకుఁడు రాజయ్యెను. చందనకుఁడు దండపాలకులకెల్ల నధిపతియయ్యెను. సామాజికులు చందనకుని మెచ్చుకొందురు. కాని వీరకునియందు దోషమేమి? ఆతఁడు తన విధిని నిర్వర్తించి తన్నులు తినెను, నవమాంకమున న్యాయాధికారి యెదుట మొఱపెట్టుకొనెను. చందనకుని నిర్ణయమునకు మూలము కృతజ్ఞత. అదే బండిలో శర్విలకుని మైత్రి లేని నిరపరాధి యున్నచో నేమి జరుగునో శూద్రకుఁడు చెప్పలేదు. శాకుంతలమునను రక్షకులు జాలరిని వధింప నుత్సహించిరి; వారి నాయకుఁడు మాత్రము ఉంగరమును రాజునకుఁ జూపి వచ్చెను గాన వాఁడు బ్రదికెను. బహుమానమున సగము భటులకే పోయెను!

కొట్టపాలశబ్దమునుండి వచ్చిన కొత్వాలు పదవి హైదరాబాదునఁ బ్రబలమైనది. 1869లోఁ బుట్టి, వనపర్తి సంస్థానమునుండి వచ్చి, రక్షకశాఖలోఁ గ్రమముగా నెదిగిన రాజా బహద్దూరు వెంకటరామారెడ్డి 1920 నుండి 1934 వఱకు కొత్వాలుగా నుండెను. 1918లో స్థాపితమైన రెడ్డి వసతిగృహమునకు నాతఁడే ప్రాణము. సురవరము ప్రతాపరెడ్డి యాతని జీవితచరిత్రమును వ్రాసెను. ఆతని కీర్తి వ్యక్తికిఁ జెందినది, పదవికిఁ గాదు. ఆ కాలముననే నిజాము రాజ్యమున 53వ గస్తీ ప్రజలను బాధించెను. సభకు ముందుగా ననుమతి పొందవలెను. అది రాజకీయసభ యగునా కాదా యని తేల్చువారు ఉద్యోగులు. 1930లో జోగిపేటయందు మొదటి నిజాము రాష్ట్రాంధ్రమహాసభ జరుపఁబూనినవారు తమ సభ సాంఘిక, సాంస్కృతిక విషయములకే పరిమితమని చెప్పుకొనవలసివచ్చెను. ఒక యధికారికి గ్రంథాలయసభ విద్యావిషయముగాఁ దోఁపవచ్చును, మఱియొకనికి రాజద్రోహముగాఁ దోఁపవచ్చును. ఎట్లు తోఁచినను, ఏల యట్లు తోఁచెనో ప్రజలకుఁ జెప్పవలసిన పని యాతనికి లేదు. చూపు కలదు, పలుకు లేదు.

పలుకు చట్టమునకు 2010 నవంబరులో వచ్చెను. ఏడేండ్లకు మించని శిక్షగల నేరములయందు రక్షకాధికారి నిందితుని నిర్బంధించినను, నిర్బంధింపకున్నను, కారణములను వ్రాయవలెనని నేరవిచారణస్మృతి 41వ సెక్షను సవరణలు విధించినవి. 2014లో అర్నేష్ కుమార్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు దీనిని దృఢపఱచెను. అంతకు ముందేఁడు లలితాకుమారి వ్యాజ్యమున, గురుతరనేరమును దెలుపు ఫిర్యాదును నమోదు చేయుటలో నధికారికి స్వేచ్ఛ లేదని యైదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము చెప్పెను. నిర్బంధమున స్వేచ్ఛ కలదు గాని కారణము వ్రాయవలెను; నమోదున స్వేచ్ఛయే లేదు. ఈ వివేచనము మిక్కిలి సూక్ష్మమైనది. 2024 జూలై 1 నుండి యమలయిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను, మూఁడేండ్లకుఁ దక్కువ గాక యేడేండ్లకు లోపలి శిక్షగల నేరములయందుఁ బైయధికారి యనుమతితోఁ బదునాలుగు దినముల ప్రాథమికవిచారణ కవకాశమిచ్చి, మూసిన తలుపును గొంత తెఱచినది. ఇది మేలో కీడో యింకను దేలవలసియున్నది.

ఆ సెక్షనే మఱియొక తలుపును మూసెను. 2019 నవంబరులో శంషాబాదు ప్రాంతమున నొక యువతి కానరాకపోఁగా, ఆ చోటు తమ పరిధి కాదని జాగు చేసిరని ముగ్గురు రక్షకోద్యోగులను సస్పెండు చేసిరి. మౌలాలి వంటి యెల్లల తావున నిట్టి మాటకు మిక్కిలి యవకాశము కలదు. 2016లో రాచకొండ కమీషనరేటు ఏర్పడఁగా మల్కాజిగిరి, ఉప్పలు, నాచారము ఠాణాలు దానిలోఁ జేరెను. ప్రక్కనున్న లాలాగూడ హైదరాబాదు కమీషనరేటులోనే నిలిచెను. నేరము జరిగిన తావు ఏ ఠాణా పరిధిలోనిదైనను, ఫిర్యాదు మొదట వచ్చిన ఠాణాలోనే నమోదు కావలెనని 2024 నాఁటి సంహిత విధించినది.