గోధుమ వ్యాపారము – 1973 నాటి అనుభవము

ఉత్తరదేశమున గోధుమ ఆశ్వయుజ కార్తికములలో విత్తబడి, వైశాఖీ పండుగ నాటికి కోతకు వచ్చును. ఏడాది పొడుగునా తినవలసిన గింజలు రెండు మూడు నెలలలోనే మండీలకు వచ్చిపడును. అప్పుడు కొని నిలువచేసి, పిమ్మట అమ్ముటయే టోకు వర్తకుని వృత్తి. దాచినాడని వానిని నిందించుట సులభమే. కాని ఎవరో ఒకరు దాచనిచో మాఘమాసమున తినుట కేమి మిగులును?

1971–72లో దేశమున 2 కోట్ల 64 లక్షల టన్నుల గోధుమ పండెను. 1972లో వానలు వెనుదీసెను. మరుసటి పంట 2 కోట్ల 47 లక్షల టన్నులకు తగ్గినది. ఆ యేడే సోవియట్ యూనియన్ అమెరికాలో విస్తారముగా గోధుమ కొనుటచే ప్రపంచమంతట ధరలు పెరిగినవి. ఇట్టి అదనున, 1973 ఏప్రిల్‌లో, కేంద్రప్రభుత్వము గోధుమ టోకు వ్యాపారమును తానే చేపట్టెను. క్వింటాలు ధర 76 రూపాయలు. సేకరింపదలచినది 81 లక్షల టన్నులు.

చేతికి వచ్చినది సుమారు 45 లక్షలు. అంతకు ముందటి యేడు, వర్తకులు పోటీకి ఉండగనే, 50 లక్షల టన్నులు సమకూడియుండెను! కారణము గూఢమైనది కాదు. బజారులో అంతకంటె హెచ్చు ధర పలుకునని ఎరిగిన పెద్దరైతు గింజలను ఇంటనే నిలిపెను. అప్పు తీర్చవలసిన చిన్నరైతు కళ్లములోనే అమ్ముకొనెను. వర్తకుని కొట్టు మూతపడగా, నిలువచేయు పని ధనికుని గాదెకు మారినదే గాని మానలేదు. నా దృష్టిలో ఆ విధానమునందలి లోపమెల్ల ఇదియే. సోవియట్ యూనియన్ 20 లక్షల టన్నుల తిండిగింజలను అప్పుగా ఇచ్చి ఆదుకొనెను.

వరి టోకు వ్యాపారమును గూడ చేపట్టవలెనన్న ఆలోచన విరమింపబడెను. లేనియెడల మన గోదావరి, కృష్ణా డెల్టాల రైతులకును ఈ అనుభవము తప్పెడిది కాదు.

1974 మార్చిలో ప్రభుత్వము ఆ విధానమును విడిచి, ధరను 105 రూపాయలు చేసి, కొన్నదానిలో సగము తన కమ్మవలెనను నియమముతో వర్తకులను మరల రానిచ్చెను. పంటయే 2 కోట్ల 18 లక్షల టన్నులకు దిగజారుటచే ఆ యేడు సేకరణ ఇంకను తగ్గినది. 1975–76లో పంట 2 కోట్ల 88 లక్షల టన్నులకు పెరిగెను. అప్పుడు వర్తకులను వెడలగొట్టు అవసరమే లేక, గిడ్డంగులు చాలక, గోధుమబస్తాలను ఆరుబయట టార్పాలిన్ల క్రింద పేర్చవలసి వచ్చెను.