ఉప్పు మోసిన మన తాతలు దొంగలు ఎట్లా అయినారు?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు మన ఎరుకల, సుగాలి పిల్లలు హాస్టల్లోనో, కాలేజీలోనో ఎప్పుడో ఒకసారి వినే మాట ఒకటుంది. "మీవాళ్లు ముందు కాలంలో దొంగతనాలు చేసేవాళ్లంట కదా?" అని. అడిగినవాడు నవ్వుతూ అడుగుతాడు, మనం తల వంచుకుంటాం. మనకు జవాబు ఎవరూ చెప్పలేదు కాబట్టి. ఈ పోస్టు ఆ జవాబు కోసమే.

ముందు దారుల సంగతి చూద్దాం. మన పడమటి తాలూకాలు మిట్ట ప్రాంతం. ఇక్కడ రాగులు, జొన్నలు, కొర్రలు పండుతాయి, అడవిలో చింతపండు, వెదురు దొరుకుతాయి. సముద్రపు ఉప్పు మాత్రం కింద కోస్తా నుంచి ఘాట్లు ఎక్కి రావాల్సిందే. సంగటిలోకి, ఊరగాయలోకి, పశువులకు, అన్నిటికీ ఉప్పు కావాలి. రైలు లేని, సరైన బండిబాట కూడా లేని ఆ కాలంలో దాన్ని పైకి తెచ్చింది ఎవరు? గాడిదల మీద, ఎద్దుల మీద ఎరుకలవాళ్లు. వందల ఎద్దుల మందలతో సుగాలీలు, అంటే లంబాడీలు, బంజారాలు.

వాళ్లు ఉప్పళాల దగ్గర ఉప్పు కొని, ఊరూరా తిరిగి ధాన్యానికి మార్చేవాళ్లు. ఆ ధాన్యాన్ని తక్కువ పండిన ఊళ్లకు చేర్చేవాళ్లు. దారిలో బుట్టలు, తట్టలు అల్లి అమ్మేవాళ్లు. ఎరుకలవాళ్లలో శాఖల పేర్లు గుర్తు చేసుకోండి: ఉప్పు ఎరుకల, దబ్బ ఎరుకల, కరివేపాకు ఎరుకల. పేరులోనే పని ఉంది. ఈ పేర్లలో దొంగతనం ఎక్కడా లేదు గదా.

ఇంకో సంగతి. 1791లో కారన్‌వాలిస్ టిప్పు సుల్తాన్ మీదికి పోతూ తన సైన్యాన్ని మొగిలి ఘాటు ఎక్కించి, పలమనేరు మీదుగా బెంగళూరు వైపు నడిపించాడు. ఆ యుద్ధంలో కంపెనీ సైన్యానికి ధాన్యం అందించినవాళ్లలో బంజారాలు ముఖ్యులు. వాళ్ల ఎద్దులు రాకపోతే సిపాయికి తిండి లేదు. అప్పుడు వాళ్లు కంపెనీకి కావలసినవాళ్లు. సరిగ్గా 120 ఏళ్ల తర్వాత ఏమైందో చివర్లో చెప్తాను.

ఇక అడ్డుగోడలు ఎట్లా లేచినాయో చూద్దాం.

మొదటిది ఉప్పు. 1805లో కంపెనీ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు మీద గుత్తాధికారం తీసుకుంది. ఇంక ఉప్పు సర్కారుదే, ధర సర్కారు చెప్పిందే. తర్వాత తర్వాత పన్ను పెరుగుతూ పోయింది. 1878 నాటికి మద్రాసులో మణుగు ఉప్పు మీద పన్ను 1 రూపాయి 13 అణాల నుంచి 2 రూపాయల 8 అణాలకు ఎక్కింది. మణుగు అంటే సుమారు 37 కిలోలు. అంత ఉప్పు తయారీకి అయ్యే ఖర్చు కొన్ని అణాలే, మిగతాదంతా పన్ను.

సముద్రపు ఉప్పు కొనలేని పేదలకు ఇంకో దారి ఉండేది. రాయలసీమ చవుడు నేలల్లో మన్ను తీసి, నీళ్లలో వడగట్టి, ఎండబెట్టి చవిటి ఉప్పు చేసేవాళ్లు. ఉప్పరవాళ్ల కులవృత్తి అది. సర్కారు దాన్ని కూడా క్రమంగా అణిచేసింది. 1889 మద్రాసు ఉప్పు చట్టం వచ్చేసరికి లైసెన్సు లేకుండా ఉప్పు చేయడం, దాచడం, మోయడం నేరాలు. కూరలోకి పిడికెడు ఉప్పు చేసుకున్నా దొంగ ఉప్పే.

రెండోది రైలు. 1864లో జోలార్‌పేట నుంచి బెంగళూరుకు రైలు పడింది, అది కుప్పం మీదుగానే పోతుంది. రైలు అడ్డుగోడ కాదు, మంచిదే. కానీ అది ఎవరికి మంచి చేసిందో చూడాలి. డబ్బున్న వర్తకుడు వ్యాగన్ల కొద్దీ ఉప్పు, ధాన్యం తెప్పించుకున్నాడు. పది గాడిదలున్న మనిషి పోటీకి నిలబడలేకపోయాడు. పైగా రైలు స్టేషన్ ఉన్నచోటే ఆగుతుంది, గాడిద ప్రతి గడప ముందూ ఆగుతుంది.

మూడోది అడవి. 1882 మద్రాసు అడవుల చట్టంతో రిజర్వు ఫారెస్టులు వచ్చినాయి. ఎద్దులకు మేత లేదు, బుట్టలకు వెదురు లేదు.

ఇవన్నీ జరుగుతున్నప్పుడే 1876-78 మహా కరువు వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీ, మైసూరు, దక్కను అంతా కలిపి 50 లక్షల మందికి పైగా చచ్చిపోయినారని అంచనా. కరువులో మనుషులకంటే ముందు పశువులు పోతాయి. పశువులు పోతే మోసే వ్యాపారం కూడా అంతే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. వైస్రాయి లిట్టన్ సర్కారు అప్పుడు ఏమంది? ధాన్యం వ్యాపారంలో ప్రభుత్వం జోక్యం చేసుకోకూడదు, వ్యాపారం స్వేచ్ఛగా సాగాలి అంది. ఇక్కడ జనం చస్తా ఉంటే దేశం నుంచి ధాన్యం ఎగుమతి అవుతానే ఉంది. అదే సర్కారు అదే కరువులో ఉప్పు మీద పన్ను పెంచింది. అంటే ధాన్యం బయటికి పోవడానికి స్వేచ్ఛ, ఉప్పు ఇంట్లోకి రావడానికి గోడ. అసలు గోడ ఉండడం మంచిదా, చెడ్డదా అన్నది ఒక్కటే కాదు ప్రశ్న. ఆ గోడ ఎవరి కోసం కట్టినారు, ఎవరిని బయట పెట్టినారు అన్నది కూడా అడగాలి.

ఇప్పుడు కల్తీ సంగతి. ఏ వస్తువైనా పన్నుతోనో, నిషేధంతోనో పిరమైతే దాంట్లో మన్నో, ఇసకో కలిపితే వచ్చే లాభం కూడా పెరుగుతుంది. చౌకగా ఉన్నప్పుడు కలిపేవాడికి ఏం మిగలదు, పిరమైనప్పుడే మిగులుతుంది. బస్తా కొనేవాడు చూసి కొంటాడు. అణాకో, అర్ధణాకో కొనే కూలి మనిషికి ఎంచుకునే అవకాశం ఎక్కడిది?

కానీ ఆనాటి చట్టం ఎవరిని వెంటాడిందో చూడండి. తినేవాణ్ణి మోసం చేయడం ఒక తప్పు. సర్కారుకు పన్ను ఎగ్గొట్టడం ఇంకో తప్పు. రెండోదాని కోసం 1805 నుంచే యంత్రాంగం ఉంది, తర్వాత ఉప్పు శాఖ, సోదాలు, జవాన్లు అన్నీ వచ్చినాయి. మొదటిదాని కోసం 1860 శిక్షాస్మృతిలో 272, 273 సెక్షన్లు ఉన్నా, అవి ఆరోగ్యానికి హాని చేసే కల్తీకే. మద్రాసులో ఆహార కల్తీకి ప్రత్యేక చట్టం వచ్చింది 1918లో. ఖజానాను కాపాడిన చట్టం ముందొచ్చింది, కడుపును కాపాడే చట్టం నూరేళ్లకు పైగా ఆలస్యంగా వచ్చింది.

ఇక చివర్లో చెప్తానన్న సంగతి. 1911 ఏప్రిల్‌లో ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల ముక్కలు కలిపి మన చిత్తూరు జిల్లా ఏర్పడింది. అదే ఏడాది వచ్చిన కొత్త నేరస్థ తెగల చట్టం మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తించింది. 1871లో ఉత్తరాదిలో మొదలైన చట్టం ఇక్కడికీ చేరింది. ఎరుకలవాళ్లు దాంట్లోకి వచ్చినారు, కొన్నిచోట్ల లంబాడీలు కూడా. పేరు రిజిస్టరు, వేలిముద్ర, హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. తిరిగితేనే బతికే మనిషికి అనుమతి చీటీ అంటే ఇంకేముంది, మనిషికే వేసిన చెక్‌పోస్టు. చాలా కుటుంబాలను స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టినారు.

ఒక్కరు కూడా దొంగతనం చేయలేదని నేను చెప్పను. బతుకుతెరువు మొత్తం పోయినప్పుడు కొందరు ఆ దారి పట్టి ఉంటారు, ఏ కులంలోనైనా పడతారు. తప్పు చేసినవాణ్ణి శిక్షించడం వేరు, పుట్టిన బిడ్డ మీద ముద్ర వేయడం వేరు. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి దీని మీద పెద్ద పుస్తకమే రాశారు. ఉప్పు విధానం, రైళ్లు, అడవి చట్టాలు, కరువులు కలిసి కొరవల, అంటే మన ఎరుకలవాళ్ల, వ్యాపారాన్ని ఎట్లా కూల్చినాయో అందులో చూపించారు. ఉప్పు పన్ను 1947లో పోయింది. నేరస్థ తెగల చట్టం దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. ముద్ర మాత్రం ఇంకా నోళ్లలో ఉంది.

ఇది పాత కథే అనుకోకండి. 1964లో బియ్యానికి ఒక్కో రాష్ట్రాన్ని ఒక్కో జోన్ చేసి సరిహద్దులు మూసినారు, 1977 దాకా ఆ పద్ధతి నడిచింది. మూడు రాష్ట్రాలు కలిసే కుప్పం లాంటి చోట, పక్క ఊరికి బియ్యం మూట మోస్తే స్మగ్లింగ్. 2023 జూలైలో తెల్ల బియ్యం ఎగుమతి ఆపినారు, దేశంలో ధర పెరగకూడదని. కారణం మంచిదే. నెల దాటిన కొద్ది రోజులకే ఉప్పుడు బియ్యం పేరుతో, బాస్మతి పేరుతో తెల్ల బియ్యం బయటికి పోతున్నాయని కేంద్రమే చెప్పి, బాస్మతికి టన్నుకు 1,200 డాలర్ల కనీస ధర పెట్టింది. గోడ కట్టగానే దొంగ పేర్లు పుట్టినాయి. కాకపోతే అక్కడ తప్పుడు పేరు పెట్టిన వ్యాపారి కులాన్ని ఎవరూ దొంగ కులం అనలేదు. గమనించండి.

రేషన్ బియ్యం లారీ సరిహద్దులో పట్టుబడిందని పేపర్లో చదివినప్పుడు, ఫోటోలో కనిపించేది డ్రైవరు, కూలీ. ఆ బియ్యాన్ని పాలిష్ పట్టించి సన్న బియ్యంగా అమ్ముకునేవాడు ఫోటోలో ఉండడు. నష్టపోయేది చౌక దుకాణం ముందు సంచి పట్టుకుని నిలబడిన మన అమ్మలు.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇంకోసారి ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే తల వంచుకోవద్దు. "మా తాతలు ఈ ఊళ్లకు ఉప్పు మోసినవాళ్లు. మోయడాన్నే నేరం చేసినారు" అని చెప్పండి. ఈ సెలవుల్లో మీ తాతనో, అవ్వనో కూర్చోబెట్టి అడగండి: మన పెద్దలు ఏం మోసేవాళ్లు, ఏ ఘాటు ఎక్కేవాళ్లు, ఏ ఊళ్లో ఆగేవాళ్లు అని. విన్నది విన్నట్టు రాసి ఇక్కడ పెట్టండి. రిజిస్టర్లలో పోలీసులు రాసింది ఉంది, మనం చెప్పుకున్నది ఇంకా రాయలేదు.