చూపు పడని ఆటగాడు

బేస్‌బాల్ మన దేశములో పెక్కుమందికి పరిచయమైన ఆట కాదు. అయినను కఱ్ఱతో బంతిని కొట్టుట, పరుగెత్తుట, బంతిని పట్టుట అందులోను ఉన్నవి కనుక క్రికెట్టు ఎరిగిన శ్రోతలు దాని రూపమును ఊహించుకొనగలరు. ఈ ప్రసంగములో మేము ఆట నియమములను వివరింపబోవుట లేదు. అమెరికాలో ఒక మారుమూల హైస్కూలులో చక్కగా ఆడు కుఱ్ఱవానిని కళాశాల శిక్షకుడు ఎట్లు కనుగొనును, ఎట్లు కనుగొనలేకపోవును అనునదే మన విషయము. అక్కడ మంచి ఆటగానికి కళాశాల విద్యార్థివేతనము ఇచ్చును. కనుక శిక్షకుని చూపు పడుట, పడకపోవుట అనునది ఒక్కొక్క ఇంటిలో పిల్లవాని చదువునకే సంబంధించిన విషయము.

ఈ చరిత్రను పరిశీలించినచో ఒక సత్యము కనబడును. ప్రతిభ ఉన్న చోటికెల్ల చూపు పోదు. దారి ఉన్న చోటికే పోవును. ఆ దారులు కాలక్రమమున ఎట్లు మారినవో చూతము.

అమెరికా కళాశాలల మధ్య మొదటి బేస్‌బాల్ పోటీ 1859 జులై 1వ తేదీన మాసచుసెట్స్ రాష్ట్రములోని పిట్స్‌ఫీల్డులో జరిగినది. ఆమ్‌హెర్స్ట్ కళాశాల 73 పరుగులు, విలియమ్స్ కళాశాల 32 పరుగులు చేసినవి. కాని కళాశాలల జాతీయ పోటీ 1947 వరకు ఏర్పడలేదు. ఆ సంవత్సరము కాలమజూ పట్టణములో కాలిఫోర్నియా జట్టు యేల్ జట్టును ఓడించినది. ఓడిన జట్టులో ఆడిన జార్జి బుష్ తరువాత ఆ దేశమునకే అధ్యక్షుడయ్యెను. 1950 నుండి ఆ పోటీలు ఒమహా నగరమునకు మారినవి.

ఆ రోజులలో కుఱ్ఱవాండ్రను వెదకుచు ఊరూర తిరిగినవారు ముఖ్యముగ వృత్తి జట్ల ఉద్యోగులు. వారిని స్కౌట్లు అందురు. మోటారు కారులో వందల మైళ్ళు పోయి, బడి మైదానముల ప్రక్కన నిలిచి, చేతి పుస్తకములో నాలుగు మాటలు వ్రాసికొని, మరల కారెక్కుట వారి పని. టోనీ లుకడెల్లో అను స్కౌటు ఒహాయో ప్రాంతములో ఇట్లే తిరిగెను. మైక్ ష్మిట్ అను యువకుడు ఒహాయో విశ్వవిద్యాలయములో ఆడుచుండగా అతడు చూచి, 1971లో ఫిలడెల్ఫియా జట్టునకు చేర్పించెను. ష్మిట్ 1995లో బేస్‌బాల్ కీర్తిమందిరమున చేరెను.

1965 వరకు ఏ జట్టయినను ఏ కుఱ్ఱవానితోనయినను ఒప్పందము చేసికొనవచ్చును. ఆ సంవత్సరము డ్రాఫ్టు అను పద్ధతి వచ్చినది. జట్లు వరుసగా ఒక్కొక్క పేరు చెప్పి తమ వంతు ఆటగానిని ఎన్నుకొనును. మొట్టమొదటి పేరు ఆరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయపు విద్యార్థి రిక్ మండేది. అదే ఎంపికలో టెక్సాసు రాష్ట్రములోని ఆల్విన్ అను చిన్న పట్టణపు హైస్కూలు కుఱ్ఱవాడు నోలన్ రయన్ 295వ వాడు. అనగా అతనికంటె ముందు 294 పేర్లు పిలిచిరి. అతనిని నమ్మి పదేపదే చూచిన స్కౌటు రెడ్ మర్ఫ్ ఒక్కడు లేకున్నచో ఆ పేరు ఇంకెంత వెనుకకు పోయెడిదో! ఆ 295వ వాడే తరువాత 5,714 మందిని బంతితో ఔటు చేసి, నేటికిని ఎవరును దాటని లెక్క నిలిపెను.

ఊరు చిన్నదైనచో ఇంత కష్టము. ఇక ఒంటి రంగు కూడ అడ్డు వచ్చినచో? లూ బ్రాక్ లూసియానా రాష్ట్రపు పల్లెలో పెరిగిన నల్లజాతి బాలుడు. నల్లవారికి వేరు బడులు, వేరు కళాశాలలు ఉన్న కాలమది. అతడు చేరిన సదరన్ విశ్వవిద్యాలయము నల్లజాతి విద్యార్థులది. చాలమంది స్కౌట్ల కార్లు ఆ దారిన పోలేదు. బక్ ఓనీల్ పోయెను. ఓనీల్ స్వయముగ నల్లవాడు. కాన్సాస్ సిటీ మోనార్క్స్ అను నల్లజాతి జట్టులో ఆడి, దానిని నడిపి, పిమ్మట షికాగో కబ్స్ జట్టునకు స్కౌటైనవాడు. 1959లో సదరన్ జట్టు చిన్న కళాశాలల జాతీయ పోటీని గెలిచినది. 1960లో బ్రాక్ కబ్స్ జట్టుతో ఒప్పందము చేసికొనెను. మొత్తము 938 స్థానములు దొంగిలించి, 3,023 హిట్లు కొట్టెను. స్థానము దొంగిలించుట అనగా ప్రత్యర్థి ఆదమరచిన క్షణమున ముందరి గురుతునకు పరుగెత్తుట. బ్రాక్ కాళ్ళలోని వేగము ఓనీల్ చూడకముందును ఉన్నదే. చూచు కన్ను అక్కడికి పోవుటయే కొత్తది.

తరువాత యంత్రము వచ్చినది. 1974లో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయపు శిక్షకుడు డానీ లిట్‌వైలర్, పోలీసులు కార్ల వేగమును కొలుచు రాడారును బంతి వేగమును కొలుచుటకు అనువుగ మార్పించెను. అంతకుముందు ఒక కుఱ్ఱవాడు వడిగా విసరును అనునది ఒకరి అభిప్రాయము. తరువాత అది ఒక అంకె అయినది. అంకెకు పక్షపాతము లేదు, నిజమే. కాని ఓపిక కూడ లేదు. పదునారవ ఏట సన్నగా ఉండి, ఇరువదవ ఏట బలము పొందబోవు వానిని అది చూపలేదు.

ఇట్టి ఆలస్యపు వికాసమునకు ఉదాహరణములు కొల్లలు. జేకబ్ డిగ్రామ్ స్టెట్సన్ విశ్వవిద్యాలయములో బంతిని ఆపుచోట నిలిచిన ఆటగాడు. 2010లో గాని బంతి విసరుటకు పూనుకొనలేదు. 2018లోను 2019లోను ఉత్తమ బౌలరుకు తుల్యమైన సై యంగ్ పురస్కారము పొందెను. డొమినికన్ రిపబ్లిక్ నుండి వలస వచ్చిన ఆల్బర్ట్ పుహోల్స్ మిసూరి రాష్ట్రములో రెండేండ్ల చదువుండు ఒక చిన్న కళాశాలలో ఆడెను. 1999 ఎంపికలో 402వ వాడు. 2022లో విరమించునాటికి 703 హోమ్ రన్లు కొట్టెను. మైక్ పియాజా 1988లో 1,390వ వాడు. అతని తండ్రికి మిత్రుడైన టామీ లసోర్డా డాడ్జర్స్ జట్టునకు మేనేజరు. ఆ స్నేహము కొరకే ఆ పేరు పిలిచిరి. 2016లో పియాజా కీర్తిమందిరమున చేరెను. ఈ కథను విని సంతోషింతుము. కాని అట్టి మిత్రుడు లేని తండ్రుల కొడుకులను గురించి ఏ గ్రంథమును చెప్పదు.

ఆ లోటు తీర్చుటకు పుట్టినవే ప్రదర్శన శిబిరములు. అయోవా రాష్ట్రములో హైస్కూలు బేస్‌బాల్ వేసవిలో జరుగును. తక్కిన రాష్ట్రములలో అది వసంతములోనే ముగియును. ఆ కారణమున అయోవా పిల్లలు చూచువారి క్యాలెండరుకు వెలుపల పడిరి. 1990లలో జెర్రీ ఫోర్డు అను శిక్షకుడు అచ్చటనే పర్ఫెక్ట్ గేమ్ అను సంస్థను నెలకొల్పెను. పిల్లలందరిని ఒకచోట చేర్చి, స్కౌట్లను, కళాశాల శిక్షకులను అక్కడికి పిలుచుట దాని పద్ధతి. ఒక శిక్షకుడు వంద ఊళ్ళు తిరుగ పనిలేదు. రెండు రోజులలో వందలమందిని చూడవచ్చును. క్రమముగ ఇట్టి శిబిరములు దేశమంతట వ్యాపించినవి.

ఇక్కడ ఒక మలుపు గమనింపదగినది. పూర్వము స్కౌటు తన కారులో, జట్టు ఖర్చుతో, కుఱ్ఱవాని ఊరికి పోయెను. ఇప్పుడు కుఱ్ఱవాడు తన తండ్రి కారులో, తండ్రి ఖర్చుతో, స్కౌటున్న చోటికి పోవలెను. ప్రవేశ రుసుము, హోటలు బస, ప్రయాణము అన్నియు తండ్రివే. పేదపిల్లల కొరకు తెరచిన తలుపునకు సుంకము ఏర్పడినది.

ఇంత వ్యయపడి సాధించునది ఎంత? ప్రథమశ్రేణి కళాశాల బేస్‌బాల్ జట్టునకు చిరకాలము 11.7 పూర్తి వేతనములు మాత్రమే అనుమతించిరి. వానిని ముక్కలుగ చేసి 27 మంది వరకు పంచుకొనెడివారు. 2025-26 నుండి క్రొత్త ఒప్పందమున చేరిన కళాశాలలకు ఆ లెక్క తీసివేసి, జట్టులో 34 మందికి మించరాదని హద్దు పెట్టిరి. వేతనములు పెరుగుటకు వీలు కలిగినది. చోట్లు మాత్రము తగ్గినవి. అంతకుముందే వృత్తి జట్ల ఎంపిక 2019లో 40 ఆవృత్తులుండగా 2021 నుండి 20 అయినది. 2018లో ఒక కళాశాల నుండి మరొక కళాశాలకు మారదలచినవారి పట్టిక ఏర్పడినది. 2021 నుండి అట్లు మారినవారు వెంటనే ఆడుటకు అనుమతి వచ్చినది. ఇరువది యొక్క ఏండ్ల పరీక్షింపబడిన ఆటగాడు దొరకుచుండగా పదునేడేండ్ల పిల్లవానిని ఏ శిక్షకుడు సాహసించి తీసికొనును?

అయినను మంచి ప్రయత్నములు లేకపోలేదు. 1989లో జాన్ యంగ్ అను స్కౌటు లాస్ ఏంజలస్ నగరపు పేదవాడలలో బేస్‌బాల్‌ను పునరుద్ధరించు ఉద్యమము ప్రారంభించెను. హాంక్ ఆరన్ పేర ఫ్లోరిడాలో జరుగు శిబిరమునకు పిల్లలు రుసుము చెల్లింప పనిలేదు. చూపునకు వెల కట్టరాదని ఎరిగినవారు అక్కడను ఉన్నారు.

గాత్రపరీక్షలు జరుపు మా వంటి రేడియో ఉద్యోగులకు ఈ చరిత్ర పరాయిది కాదు. మైకు ముందుకు వచ్చిన గొంతులలో మంచిదానిని ఏరుట మాకు చేతనగును. రాలేకపోయిన గొంతు ఎట్టిదో మాకు తెలియదు. పరీక్ష న్యాయముగ జరిగినదని మేము చెప్పుకొనవచ్చును గాని, ఆ న్యాయము గది తలుపు దగ్గరనే మొదలగుచున్నది. తలుపు వరకు వచ్చు దారి ఎవరిది, దాని ఖర్చు ఎవరు భరింతురు అని అడిగిననాడే అది పూర్తియగును. బక్ ఓనీల్ ఆ ప్రశ్నను మాటలతో గాక, తాను ఎంచుకొన్న దారితోనే అడిగెను.