లొట్టి నురుగు, స్టౌట్ నురుగు

కొడిమ్యాల నుంచి సిరిసిల్ల దాకా ఏ తాటివనంలోనైనా కల్లు లొట్టి దించగానే ముందు కంటికి కనబడేది నురుగే. ఆ నురుగును చూసి కల్లు మంచిచెడ్డలు చెప్పేవారు ఉన్నారు. ఈ నమ్మకం ఎంతవరకు నిలుస్తుందో చూడడానికి స్టౌట్ అనే నల్లబీరు మంచి పోలిక.

తాటి నీరాలో చక్కెర సుమారు 10 నుంచి 14 శాతం. లొట్టిలో ఉండే ఈస్టు, జైమోమోనాస్ అనే బాక్టీరియా ఆ చక్కెరను ఆల్కహాలుగా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తాయి. నురుగు పొంగేది ఈ వాయువుతోనే. అది నీటిలో బాగా కరుగుతుంది, నాలుకను చురుక్కుమనిపిస్తుంది. దాని బుడగలు ఒకదాన్నొకటి మింగుతూ పెద్దవై త్వరగా పగిలిపోతాయి.

స్టౌట్ మీద మీగడలా నిలిచే నురుగు వేరు. 1959లో గిన్నిస్ కంపెనీ దానికి నైట్రోజన్ తోడుచేసింది. ఆ పని నడిపిన మైకేల్ యాష్ గణితం చదివినవాడు. అమెరికాలో ఇంటి తయారీకి అనుమతిచ్చిన 1978 చట్టం తర్వాత ఇంట్లో బీరు తయారుచేసుకునేవారికీ ఆ దారి తెరుచుకుంది. వారు సాధారణంగా 75 పాళ్లు నైట్రోజన్, 25 పాళ్లు బొగ్గుపులుసు వాయువు కలిసిన సిలిండరు వాడతారు. పీడనం 30 నుంచి 40 పీఎస్ఐ. కుళాయిలో సన్నటి రంధ్రాల బిళ్ల ఉంటుంది. నైట్రోజన్ నీటిలో కరిగేది బొగ్గుపులుసు వాయువులో యాభయ్యో వంతు కూడా ఉండదు. అందుకే ఆ రంధ్రాల్లోంచి దూకగానే పొడిలాంటి బుడగలై విడిపోతుంది. బయటి గాలిలో 78 శాతం నైట్రోజనే కాబట్టి బుడగలోంచి అది తొందరగా జారిపోదు.

మరి కల్లుకు నైట్రోజన్ పట్టిస్తే? మీగడ కట్టకపోవచ్చని నా అంచనా. స్టౌట్ నురుగును పట్టి ఉంచేవి బార్లీ ప్రోటీన్లు, హాప్స్ చేదు పదార్థాలు. కల్లులో ఆ రెండూ లేవు. పైగా కల్లు దించాక కూడా పులుస్తూనే ఉంటుంది. మూత బిగించిన పాత్రలో పీడనం పెరిగి పగిలే ప్రమాదం ఉంది. తెలంగాణలో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు తయారుచేయడం నేరం కూడా.

అసలు ప్రశ్నకు వస్తే, నురుగు చెప్పేది లోపలి వాయువు సంగతి, దాన్ని పట్టి ఉంచే పదార్థాల సంగతి మాత్రమే. కల్తీ కల్లులో ఎక్సైజ్ అధికారులు పట్టుకునే క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం కంటికి కనబడవు. వాటిని తేల్చేది ప్రయోగశాల పరీక్షే. అందుకే చదివేవారికి నా విన్నపం: దుకాణంలో పోసిన కల్లుపై అనుమానం వస్తే నురుగును చూసి ఊరుకోకండి, శాంపిల్ తీసి పరీక్షించమని ఎక్సైజ్ అధికారులను అడగండి.