ఎర్రమట్టి దారిలో శబరి దాకా

మారేడుమిల్లిలో ఇంకా వెలుగు రాలేదు. డిసెంబరు మంచు చెట్ల మీంచి చుక్కలుగా రోడ్డు మీద రాలుతోంది. టీ కొట్టాయన అప్పుడే పొయ్యి వెలిగించాడు. పక్క కొట్టు ముందు రాత్రి బొంగులో చికెన్ కాల్చిన నిప్పుల గుట్ట తెల్లటి బూడిదైపోయింది. వేడి గ్లాసు పట్టుకుంటే గానీ వేళ్లు వంగడం లేదు. బయల్దేరే ముందు ఒక్క పని ఉంది, సైకిల్ టైర్లలో గాలి తగ్గించాలి. రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా వచ్చిన తారు రోడ్డు కోసం గట్టిగా నింపిన గాలి, పైన కంకరలో ప్రతి రాయి దెబ్బనీ నడుముకి చేరుస్తుంది. నలభై మిల్లీమీటర్ల టైరుకి 35 పీఎస్ఐ సరిపోతుంది. బొటనవేలితో నొక్కితే ముగ్గబోతున్న సపోటాలా ఉండాలి. ఉంది. ఇక పదండి.

పుల్లంగి వైపు తిరుగుతాం. గుడిస కొండకి వెళ్లేది ఈ దారే. మొదట తారే కాబట్టి కాళ్లు వేడెక్కడానికి పనికొస్తుంది. సైకిల్ లైటు పడినంత మేర తప్ప ఏమీ కనబడదు, వినబడేది మాత్రం చాలా ఉంది. ఎడమ పక్క లోయలో వాగు. కుడి పక్క వెదురు, ఒకదానికొకటి రాసుకుంటూ కిర్రుమంటోంది. ఎక్కడో అడవి కోడి కూసింది, దానికి జవాబుగా ఊళ్లో కోడి. తెల్లవారుతున్నకొద్దీ చెట్ల కింద కాఫీ మొక్కలు, మానుల మీదికి పాకిన మిరియాల తీగలు కనబడతాయి. జీలుగు చెట్లకి కుండలు వేలాడుతున్నాయి. చలికాలమంతా ఇక్కడి కొండరెడ్లకి జీలుగు కల్లు ఇంటి తిండిలో భాగం. 1879లో రంప మన్యం తిరగబడిన కారణాల్లో ఈ కుండ కూడా ఉంది. కల్లు గీతని సర్కారు తన గుప్పిట్లోకి తీసుకుంది, ఇక్కడి పెత్తందారైన మన్సబుదారు దాని మీద చిగురు పన్ను వేశాడు. మనిషి పెరట్లో చెట్టుకి పన్నేమిటని కొండలన్నీ లేచాయి.

పుల్లంగి దాటాక తారు పలచబడి, గుంటలు పడి, చివరికి వదిలేస్తుంది. ఇక్కణ్ణించి మనం వచ్చిన పని మొదలు.

తూర్పు కనుమల్లో ఈ భాగమంతా చాలావరకు ఖోండలైటు రాయి. వానకీ ఎండకీ మెల్లగా కుళ్లి ఎర్రమట్టి అవుతుంది. కుళ్లనిది కంకరగా మిగులుతుంది. అందుకే ఈ దారి ఒక్క తీరుగా ఉండదు. కొంతదూరం పొడిమట్టి, చక్రం నిశ్శబ్దంగా పోతుంది. తర్వాత వదులు రాయి, వెనక చక్రం జారి పెడల్ ఒక్కసారిగా ఖాళీగా తిరుగుతుంది. ఇలాంటి ఎక్కుడులో లేచి నిలబడి తొక్కకూడదు. సీటు ముందు అంచు మీదికి జరిగి, నడుం వంచి, బరువు వెనక చక్రం మీద ఉంచి, అతి చిన్న గేరులో తొక్కాలి. చూపు చక్రం ముందున్న రాయి మీద కాదు, పది గజాల అవతల ఉండాలి. ఏ రాయిని చూస్తే చక్రం ఆ రాయి మీదికే పోతుంది.

జీపుల చక్రాలు తొలిచిన రెండు గాళ్ల మధ్య గడ్డి మొలిచిన గట్టుంది. దాని మీదే పోతున్నాం. ఊపిరి పొగై ముఖం ముందు తేలుతోంది, వీపు మాత్రం తడిసిపోయింది. తలమీద కొమ్మల్లో పెద్ద కదలిక. బెట్టుడుత! ముదురు ఎరుపు వీపు, పొడుగాటి నల్లతోక. ఒక మద్ది కొమ్మ నుంచి ఇంకో చెట్టుకి దూకి, ఆకుల వెనక నుంచి మనల్ని చూస్తోంది. జీపులో వెళ్తే దీన్ని చూడలేం. ఇంజను మోత విని ముందే మాయమవుతుంది. సైకిల్ చేసేదల్లా కంకర నలిగే చప్పుడే, అది కూడా ఆగగానే ఆగిపోతుంది.

మలుపు దగ్గర ఒకావిడ ఎదురొస్తోంది. నెత్తిన కొండచీపురు మోపు, చేతిలో కత్తి. దారివ్వడానికి ఆగితే ఆవిడే ముందు ఆగింది.

"ఎందాకా బాబూ?"

"గుడిస పైకమ్మా."

"పైన వానకి గండి పడిపోయింది. దిగి, ఎడం పక్కనించి నడిపించుకెళ్లండి. నిన్న జీపు కూడా అక్కడే ఆగిపోయింది."

ఆవిడ చెప్పినట్టే ఉంది. రెండో మలుపు దాటగానే దారి సగం లోయలోకి జారిపోయింది. ఎడం పక్క అడుగు వెడల్పున కాలిబాట ఒకటి, పాదాలు తొక్కీ తొక్కీ నున్నగా చేసినది, రాళ్ల మధ్య నుంచి పైకి పోతోంది. సైకిల్ని భుజానికెత్తుకుని దాని మీద ఎక్కుతుంటే మనసు ఒక చోట ఆగుతుంది. జ్వరంతో మూలుగుతున్న మనిషినో, నొప్పులు పడుతున్న ఆడమనిషినో డోలీలో మోసుకుంటూ ఇలాంటి బాటల్లోనే దిగుతారు. మనకి ఈ దారి బాగున్నది దేనివల్లో, వాళ్లకి ఆసుపత్రి దూరమైనది కూడా దానివల్లే. కొండమీది ప్రతి ఊరికీ తారు పడాలి. అప్పుడు మనకి కంకర దారులు తగ్గిపోతాయని బాధపడే వాళ్లతో నాకు ఏకీభావం లేదు.

దారుల గురించి ఈ మన్యానికి ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. నర్సీపట్నం వైపు నుంచి గూడెం కొండల్లోకి రోడ్డు వేయించిన డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్, కూలి సరిగ్గా ఇవ్వకుండా గిరిజనుల చేత వెట్టి చేయించాడు. అటు 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడునీ, కట్టెపుల్లనీ నేరం చేసింది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మనుషులు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడి తుపాకులు పట్టుకుపోయినప్పుడు వాళ్ల వెనక ఉన్నది ఈ కోపమే. ఆ తర్వాత రెండేళ్లు ఆ మనుషులు పట్టుబడకుండా తిరగగలిగింది సర్కారు వేయించిన రోడ్ల మీద కాదు, ఇప్పుడు మనం సైకిల్ భుజాన మోసుకెళ్తున్న ఇలాంటి బాటల మీద.

చెట్లు ఒక్కసారిగా ఆగిపోతాయి. గుడిస. ఇక గడ్డే, ఒక గుండ్రటి కొండ తర్వాత ఇంకోటి, మొదళ్లలో ఇంకా పచ్చన, చివర్లలో పసుపు తిరిగింది. గాలి చెవుల్లో హోరెత్తుతోంది. కింద లోయలన్నీ మంచుతో నిండి, శిఖరాలు మాత్రం పైకి తేలాయి. సూర్యుడు కొండ దాటగానే మంచు కదలడం మొదలెట్టింది. ముందు అంచులు చిరిగాయి, తర్వాత మధ్యలో ఒక చీలికలోంచి ఏదో ఊరి పొగ. ఇక్కడ ఏమీ తినకుండా, ఏమీ చెయ్యకుండా ఒక గంట కూర్చోవచ్చు. కూర్చుంటాం. కాళ్ల దగ్గర ఒక చిప్స్ కవరు, ఇంకాస్త అవతల సీసా. రెండూ సంచిలోకి. గడ్డి మీదికి చక్రాలు ఎక్కించకుండా బాట మీదే ఉండాలి. ఒకసారి నేల మీంచి గడ్డి లేచిపోతే వాన ఆ గాటునే పట్టుకుని వాలంతా కోసేస్తుంది.

దిగుడు. బ్రేకు ముందుది సుతారంగా, వెనకది కాస్త గట్టిగా. వదులు కంకరలో ముందు చక్రం బిగుసుకుంటే పడిపోవడమే. నడుం సీటు వెనక్కి పెట్టి, మోచేతులు వదులుగా ఉంచి, మలుపుకి ముందే వేగం తగ్గించాలి, మలుపులో కాదు. డిస్కు బ్రేకులు వేడెక్కి కాలిన వాసన వేస్తే ఆగి చల్లారనివ్వాలి. ఎక్కడానికి పూటంతా పట్టిన దారి చూస్తుండగానే పైకి పోతోంది, అరచేతులు మొద్దుబారిపోయాయి, మొహాన ఎర్రటి ధూళి.

మర్నాడు చింతూరు ఘాట్. ఇది తారు, లారీలు కూడా ఎక్కువ. సోకులేరు వాగు దగ్గర మాత్రం సైకిల్ దింపి నీళ్లలో కాళ్లు పెడతాం. మలుపు మలుపుకీ కొండ వెనక్కి జరిగి, గాలి వెచ్చనై, ఇప్ప చెట్లూ తాటి చెట్లూ మొదలవుతాయి. చింతూరులో శబరి. ఒడిశాలో కొలాబుగా పుట్టి, మోటు దగ్గర సీలేరుని కలుపుకుని వచ్చిన నది. ఈ కాలంలో నీళ్లు తేటగా, ఇసుక తిన్నెల మధ్య నిదానంగా పోతున్నాయి.

కూనవరం వైపు వెళ్తూ పెద్ద రోడ్డు వదిలి మట్టి బాటలు పడతాం. ఒండ్రు మట్టి మెత్తగా టైరుని పీలుస్తోంది, చిన్న గేరు మళ్లీ కావాలి. ఒక పక్క మిరప చేలు, ఇంకో పక్క పొగాకు. కూనవరంలో శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. రెండు నీళ్ల మధ్య గీత కాసేపు నిలిచి, తర్వాత చెదిరిపోతుంది. ఇక్కడ ఎవరితో మాట కలిపినా గోడ చూపిస్తారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి లేచినప్పుడు ఎంతవరకు వచ్చిందో ఆ చార. 1986లో 75.6 అడుగులు, దానికి ఇంకా పైన.

గోడ దగ్గర నిలబడ్డ పెద్దాయన పోలవరం ప్రాజెక్టు మాట ఎత్తాడు. జలాశయం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. దానికోసమే 2014లో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం సహా ఏడు మండలాలని తెలంగాణ నుంచి ఆంధ్రలో కలిపారు. మొదటి విడత పునరావాసానికి 41.15 మీటర్ల కాంటూరు అని గీత గీశారు. "మా ఇంట్లో పైకప్పు దాకా నీళ్లొచ్చేయండి. కాంటూరులో మాత్రం మా ఇల్లు లేదంటన్నారు," అంటాడాయన. కాంటూరు అనే మాట ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు.

మనం వచ్చిన బాట ఏ గీతకి కిందుందని అడిగితే చెయ్యి చాపి చూపించాడు. చేలు, మామిడి తోట, మన టైరు గుర్తులు పడ్డ దారి, రామాలయం, అన్నీ కిందే. పరిహారం కాగితాలు పట్టుకుని రేపు మళ్లీ ఆఫీసుకి వెళ్లాలట. బస్సు ఎన్నింటికో కనుక్కోవడానికి ఆయన వెళ్లిపోయాడు.