పరాయి నేల మీద ఇంటి ఆట

2025లో దసరా నవరాత్రులకి నేను పిట్స్‌బర్గ్‌లో మా అమ్మాయి దగ్గరున్నాను. ఊరు కాని ఊళ్ళో పండగేమిటని ఊరుకుంటామా? హాల్లో టీవీ పక్కనే అట్టపెట్టెలు మెట్లుగా పేర్చి, మీద తెల్లపంచె పరిచి బొమ్మల కొలువు పెట్టుకున్నాం. సెప్టెంబరు 28, ఆదివారం. పొద్దున్నే స్నానం చేసి ప్రసాదానికి శనగలు తాలింపు వేస్తున్నానా, హాల్లోంచి ఒకటే కేకలు. బొమ్మలు పడిపోయాయేమోనని గరిటెతో సహా పరిగెత్తుకొచ్చాను. తీరా చూస్తే మా అల్లుడూ మనవడూ టీవీ ముందు చేరి ఫుట్‌బాల్ చూస్తున్నారు.

అమెరికా ఫుట్‌బాల్ గురించి నాకు ఆట్టే తెలీదు. పేరులోనే ఫుట్టు గాని, బంతిని చాలాసేపు చేత్తోనే పట్టుకుంటారు. ఆ బంతీ గుండ్రంగా ఉండదు, పీచు తీయని కొబ్బరికాయలా రెండు కొసలూ సన్నగా ఉంటుంది. అయితే ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి ఆ ఊరు ఊరంతా టీవీలకి అతుక్కుపోతుందనీ, ఆ వేళకి వంట ముగించుకోవాలనీ మాత్రం నాకు తెలుసు. ఇదేమిటి, పొద్దున్న తొమ్మిదిన్నరకే మొదలెట్టారు?

"ఇవాళ ఆట మన ఊళ్ళో కాదు అత్తయ్యగారూ, డబ్లిన్‌లో. ఐర్లండులో ఇప్పుడు మధ్యాహ్నం రెండున్నర" అన్నాడు మా అల్లుడు.

అమెరికావాళ్ళ ఆట, రెండూ అమెరికా జట్లే. పిట్స్‌బర్గ్ స్టీలర్స్, మిన్నెసోటా వైకింగ్స్. ఆడటం మాత్రం సముద్రం అవతల! ఇదేం చోద్యమమ్మా అనుకున్నాను.

ఇంతలో పక్కింటావిడ వచ్చింది. పేరంటానికి రమ్మని నేనే పిలిచాను. డెబ్భై అయిదు దాటిన మనిషి. భర్త అక్కడి ఉక్కు మిల్లులో పని చేసి పోయాడు. ఆయన బతికుండగా కొన్న సీజన్ టికెట్లు రెండు ఇప్పటికీ ఆవిడ పేర నడుస్తున్నాయి. ఆ ఊళ్ళో ఆ టికెట్లంటే ఆస్తి కిందే లెక్క. కావాలంటే పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడాలిట. ఆవిడ బొట్టు పెట్టించుకుని, కొలువంతా తిరిగి చూసి, మా అమ్మాయితో నవ్వుతూనే అంది గాని నవ్వులో ఉసూరుమనడం నాకు వినబడింది. ఆ ఏడాది తన జట్టుకి సొంత ఊళ్ళో తొమ్మిది ఆటలు రాసి ఉన్నాయిట. వేళ్ళు చూపించి లెక్కపెట్టింది. ఎనిమిది వేళ్ళు నిలబెట్టి, తొమ్మిదోది ముడిచేసి, టీవీలో డబ్లిన్ కేసి చూపించింది. తన ఆట ఒకటి పట్టుకుపోయారు!

ఆ ముడిచిన వేలు నాకు మనసులో ఉండిపోయింది. తర్వాత నెల రోజులూ, పిల్లలు ఆఫీసులకీ స్కూలుకీ వెళ్ళాక, లైబ్రరీకి పోయి కూర్చుని ఈ సంగతి వెతికాను. ఏం చెప్పమంటారు, పెద్ద పురాణమే ఉంది!

నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ జట్లు ఊరు దాటడం కొత్తేమీ కాదు. 1950లోనే న్యూయార్క్ జెయింట్స్ కెనడాలో ఒట్టావా వెళ్ళి ఆడారు. కెనడా అంటే గోడ అవతల ఇల్లే అనుకోండి. సముద్రం దాటడం 1976 ఆగస్టులో. సెయింట్ లూయీ కార్డినల్స్, శాన్ డియేగో చార్జర్స్ టోక్యోలో ఆడారు. కార్డినల్స్ 20–10తో గెలిచారు. గెలిచినా ఓడినా ఒకటే, అది లెక్కకి రాని ఆట. కచేరీకి ముందు శ్రుతి చూసుకున్నట్టు, అసలు ఆటలు మొదలవక ముందు ఆగస్టులో ఆడే ఆటలు అవి. పై దేశాలకి చాలా ఏళ్ళు వాటినే పంపించారు. పెళ్ళివారికి పెట్టే విస్తరి వేరు, ఊరివాళ్ళకి వేసే ఆకు వేరు అన్నట్టు.

అయినా జనం విరగబడి వచ్చారు. ఇంగ్లండులో 1982 నించీ ఒక టీవీ ఛానెల్ ఈ ఆట చూపించడం మొదలెట్టింది. 1986లో చికాగో బేర్స్, డల్లాస్ కౌబాయ్స్ లండన్‌లోని వెంబ్లీకి వచ్చేసరికి ఎనభై వేలు దాటారు జనం. వాళ్ళల్లో చాలామంది చూడ్డానికి వచ్చింది విలియం పెర్రీ అనే భారీ మనిషిని. ఆయనకి ముద్దుపేరు రిఫ్రిజిరేటర్! మన ఫ్రిజ్ ఎప్పుడు ఆగిపోతుందో తెలీదు గాని ఆ ఫ్రిజ్‌ని ఆపడం ఎవరి తరమూ కాలేదు, ఆ రోజు ఒక టచ్‌డౌన్ కూడా చేశాడు. ఇక 1994లో మెక్సికో సిటీ అజ్టెకా స్టేడియంలో 1,12,376 మంది చూశారు, లెక్కకి రాని ఆటనే. లీగ్‌వాళ్ళు యూరప్ కోసం వేరే జట్లు కూడా పెట్టి చూశారు. 1991లో మొదలైన ఆ పోటీ ఆగుతూ సాగుతూ 2007లో మూతబడింది. జనానికి నకలు వద్దు, అసలే కావాలి. చీరల కొట్లో మనం చేసే పనే కదూ?

అసలు ఆట, అంటే గెలుపోటములు లెక్కకి వచ్చే ఆట, మొదటిసారి అమెరికా దాటింది 2005లో. మళ్ళీ ఆ అజ్టెకాలోనే. అరిజోనా కార్డినల్స్ 31–14తో శాన్ ఫ్రాన్సిస్కో జట్టుని ఓడించారు. లక్షా మూడు వేల మంది పైచిలుకు వచ్చారు. 2007 అక్టోబరులో వెంబ్లీకి వచ్చింది. ఇక్కణ్ణించీ అసలు తమాషా. జనం వచ్చారు, డబ్బు వచ్చింది, నేల మాత్రం ఒప్పుకోలేదు!

ఆ రోజు లండన్‌లో వాన. నూటపాతిక కిలోల మనుషులు ఇనుప గోడల్లా ఒకళ్ళనొకళ్ళు గుద్దుకునే ఆట. పచ్చగడ్డి కాస్తా ఊడ్పుల వేళ పొలంలా తయారైంది. ఆ బట్టలు ఉతికినవాళ్ళెవరో గాని వాళ్ళకి నా నమస్కారం. సరిగ్గా మూడున్నర వారాలకి ఇంగ్లండు సాకర్ జట్టు అదే నేల మీద క్రొయేషియాతో ఆడి 3–2తో ఓడింది. యూరప్ పోటీకే పోలేకపోయింది. ఆ గడ్డి నానా మాటలూ పడింది. ఆడలేక మద్దెల ఓడు అంటారేమో, నాకు మాత్రం గడ్డి మీదే జాలి.

2018లో అజ్టెకాలో ఆట జరగాల్సి ఉండగా నేల పాడైందని వారం రోజుల ముందు లాస్ ఏంజిలిస్‌కి మార్చేశారు. 2024లో బ్రెజిల్‌లోని సావో పాలో వెళితే ఆటగాళ్ళు పాచి పట్టిన పెరట్లోలా జారారు. అక్కడ ఇంకో తంటా. ఆ స్టేడియం కొరింథియన్స్ అనే సాకర్ జట్టుది. వాళ్ళకి ఆకుపచ్చ రంగంటే గిట్టదు, అది పగవాళ్ళ జట్టు రంగు. వచ్చిన రెండు అమెరికా జట్లకీ సొంత రంగు ఆకుపచ్చే! చుట్టాల ఇంటికి వెళ్ళేముందు వాళ్ళకేది పడదో కనుక్కుని వెళతాం మనం.

లండన్‌లో టోటెన్‌హామ్ వాళ్ళు మాత్రం తెలివైనవాళ్ళు. వాళ్ళ కొత్త స్టేడియంలో సాకర్ ఆడే గడ్డినేల మూడు ముక్కలై, బీరువా సొరుగులా గ్యాలరీ కిందికి జారిపోతుంది. అడుగున అమెరికా ఆటకి వేరే నేల సిద్ధంగా ఉంటుంది. 2019లో మొదటి ఆట ఆడారు. మడికట్టుకోడానికి వేరే చీర పెట్టుకున్నట్టన్నమాట.

ఇక ఆ ఆదివారం మా పక్కింటావిడ ఆట ఆడిన చోటు సంగతి. డబ్లిన్‌లో క్రోక్ పార్క్. అది మామూలు స్టేడియం కాదు. ఐరిష్ వాళ్ళ సొంత ఆటలకి కట్టుకున్న గుడి లాంటిది. 1920 నవంబరు 21న, స్వాతంత్ర్యం కోసం పోరాటం సాగుతున్న రోజుల్లో, అక్కడ గేలిక్ ఫుట్‌బాల్ జరుగుతుండగా బ్రిటిష్ బలగాలు లోపలికొచ్చి కాల్పులు జరిపాయి. 14 మంది పోయారు. ముగ్గురు చిన్నపిల్లలు. మైకేల్ హోగన్ అనే ఆటగాడు ఆడే చోటే కూలిపోయాడు. జేన్ బాయిల్ అని ఇరవై ఆరేళ్ళ పిల్ల, కాబోయే భర్తతో కలిసి ఆట చూడ్డానికి వచ్చింది. ఆ పిల్ల పెళ్ళి ఇంకా ఐదు రోజులుంది. ఇది చదివి పుస్తకం మూసేసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

ఆ నేల మీద సాకర్ గాని రగ్బీ గాని, అంటే బ్రిటిష్ ఆటలు, అడుగు పెట్టకూడదని కట్టడి చేసుకున్నారు. అది దశాబ్దాలపాటు నడిచింది. 2005లో సడలించారు. 2007 ఫిబ్రవరిలో ఇంగ్లండు రగ్బీ జట్టు వచ్చింది. వాళ్ళ జాతీయగీతం ఆ నేల మీద వినిపించింది. జనం మర్యాదగా నిలబడి విన్నారు, తర్వాత 43–13తో చిత్తుగా ఓడించి పంపారు. మర్యాదకి మర్యాదే, పనికి పనే!

విచిత్రం చూడండి, ఆ కట్టడి ఉన్న రోజుల్లోనే 1997లో అమెరికా ఫుట్‌బాల్ ఆ నేల మీద ఆడారు. ఆడి గెలిచింది ఎవరనుకున్నారు? ఈ స్టీలర్సే. ఆ జట్టు సొంతదార్లు రూనీ కుటుంబం. వాళ్ళ పూర్వీకులు ఐర్లండు నించి వెళ్ళినవాళ్ళు. డాన్ రూనీగారైతే 2009 నించి 2012 దాకా ఐర్లండులో అమెరికా రాయబారిగా కూడా ఉన్నారు. గుమ్మంలోనే ఆపేసిన పక్కవాడి ఆట ఒకటి, లోపలికి రానిచ్చిన దూరదేశపు ఆట ఒకటి. నాకు తోచింది చెబుతాను. ఐర్లండు వాళ్ళకి అమెరికా అంటే పరాయి ఇల్లు కాదు, పిల్లలు వెళ్ళిన ఇల్లు. ఈ ముక్క నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ మాటకొస్తే, వాళ్ళే ముందు సముద్రం దాటారు. 1947లో ఐర్లండు తన జాతీయ ఫుట్‌బాల్ ఫైనల్‌ని, క్రోక్ పార్క్‌లో జరగవలసినదాన్ని, న్యూయార్క్ తీసికెళ్ళి పోలో గ్రౌండ్స్‌లో ఆడింది. న్యూయార్క్ జెయింట్స్ అమెరికా ఫుట్‌బాల్ ఆడుకునే చోటు కూడా అదే. అప్పటికి వందేళ్ళ కిందట మహాకరువు వచ్చి, ఉన్నవాళ్ళు చావగా మిగిలినవాళ్ళు లక్షల మంది ఓడలెక్కి అమెరికా పోయారు. ఆ వెళ్ళినవాళ్ళ పిల్లలకి ఒక్కసారి మన ఆట చూపిద్దామని ఒక పాదిరీగారు పట్టుబట్టి సాధించారు. ఆటగాళ్ళు కొందరు ఓడలో, కొందరు విమానంలో వెళ్ళారు. వెళ్ళి చూస్తే అది బేస్‌బాల్ గ్రౌండు. మధ్యలో బంతి విసిరేవాడు నిలబడే మట్టిదిబ్బ తీయనే లేదు! ఆ దిబ్బ ఎక్కుతూ దిగుతూనే ఆడారు. కావన్ జట్టు కెర్రీని ఓడించింది.

ఇంటి దగ్గర జనం రాత్రివేళ రేడియోల చుట్టూ చేరారు. వ్యాఖ్యాత మీహాల్ ఓ హెహిర్. ఆట ఆలస్యమైంది, రేడియో లైన్ గడువేమో అయిదు గంటలతో సరి. ఆయన ఆట చెబుతూ చెబుతూనే, దారిలో వింటున్నవాళ్ళెవరైనా ఉంటే దయచేసి ఇంకో అయిదు నిమిషాలు ఇవ్వండని బతిమాలాడు. లైన్ తెగలేదు. ఎక్కడో ఏ ఉద్యోగో విని ఊరుకున్నాడు. ఆ పుణ్యాత్ముడెవరో!

ఆ ఫైనల్ మళ్ళీ ఐర్లండు దాటలేదు. ఒక్కసారి, పిల్లల్ని చూసి రావడానికి వెళ్ళింది, తిరిగి వచ్చేసింది. ఇప్పటి అమెరికా లీగ్ ప్రయాణాలు వేరు. వ్యాపారం. జాక్సన్‌విల్ జట్టు యజమాని షాహిద్ ఖాన్‌గారు, లాహోర్‌లో పుట్టిన ఆయన, 2013లో తన జట్టుని లండన్‌కి తిప్పడం మొదలెట్టారు. కోవిడ్ వచ్చిన 2020లో తప్ప ఏటా వెళ్ళింది. ఆ ఊళ్ళో కూడా మా పక్కింటావిడ లాంటివాళ్ళు వేళ్ళు ముడిచే ఉంటారు. అయినా అంతా వ్యాపారమే అని కొట్టిపారేద్దామంటే మనసొప్పదు. లండన్‌లో ఏ రెండు జట్లు ఆడినా, చూడవచ్చినవాళ్ళు ముప్పైరెండు జట్ల చొక్కాలూ వేసుకొస్తారట. ఎవరి జట్టు వచ్చిందన్న పట్టింపు లేదు, ఆట వచ్చింది, అది చాలు.

సరే, ఆ ఆదివారానికి వస్తాను. పక్కింటావిడ వెళ్ళిపోతుందనుకుంటే సోఫాలో కూర్చుండిపోయింది. సంచీలోంచి పసుప్పచ్చ తువ్వాలు తీసింది. ఆ తువ్వాలు ఊపడం స్టీలర్స్ అభిమానుల ఆచారం. 1975లో మైరన్ కోప్ అనే రేడియో వ్యాఖ్యాత మొదలెట్టాడు. తర్వాత దాని హక్కులు బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలూ పెద్దలూ ఉండే బడికి రాసిచ్చేశాడు. టీవీలో చూస్తే క్రోక్ పార్క్ నిండా ఆ పసుపే. ఆవిడ తెల్లబోయి చూసింది. అంతమంది తన తువ్వాలు ఊపుతారని ఆవిడ అనుకోలేదు. మెల్లిగా తనూ ఊపింది. కొలువులో దీపం ఆరిపోతుందేమోనని నేను చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను.

చివర్లో వైకింగ్స్ తరుముకొచ్చారు గాని స్టీలర్స్ 24–21తో బయటపడ్డారు. ఆవిడ శనగలు తిని, తాంబూలం పుచ్చుకుని వెళ్ళింది. గుమ్మం దగ్గర ఆగి మా అమ్మాయితో ఏదో చెప్పింది. అక్టోబరు 12న ఇక్కడే ఆట, క్లీవ్‌లండ్ వాళ్ళతో. రెండో టికెట్టు మీద మీ అమ్మని రమ్మను అందిట.

"నువ్వు ఆ మెట్లెక్కగలవా అమ్మా?" అంది మా అమ్మాయి.

ఎక్కాను. మధ్య మధ్య ఆగి, మోకాళ్ళు పట్టుకుని ఎక్కాను. అరవై వేల మంది మధ్య ఆ రెండు కుర్చీలు. కుర్చీ చల్లగా ఉంటుందని ఆవిడ తన తువ్వాలు మడత విప్పి, వాళ్ళాయన సీటు మీద పరిచి, నన్ను కూర్చోమంది.